చేటలో ఆరిన అక్షరాలు

దగ్గరికి జరిగి కూర్చోండి, నా గొంతు ఇప్పుడు దూరం పోదు. ఈ పొద్దున మా మనవరాలు పనిచేయని కీబోర్డును బోర్లించి తట్టింది. బిస్కెట్టు పొడి రాలింది. నా కళ్ల ముందు మాత్రం బైలదిల్లా కొండ కింద మా క్వార్టర్లో రాలిన ఎర్రదుమ్ము మెదిలింది.

కొండ మీద ఇనుప రాయి తవ్వుతుంటే కింద మా అన్నంలోకీ, పసిపిల్లల ఉయ్యాల్లోకీ ఆ దుమ్మే వచ్చేది. తెల్లచీర కట్టిన ఆడదాన్ని ఆ ఊళ్లో నేను చూడలేదు. పూటకోసారి ఇంట్లో ఉన్నదంతా కడగడమే మా పని. అప్పుడు మా ఆడపడుచు మాతోనే ఉండేది. ఖనిజం మోసే గూడ్సు బండికి గార్డుగా చేసిన ఆమె మగడు జ్వరంతో పోయాడు. టైపింగు పరీక్ష నెగ్గితే ఆమెకు రైల్వేలో గుమాస్తా ఉద్యోగం, లేకపోతే లేదు. ఎవరి కీబోర్డు వాళ్లే తెచ్చుకోవాలన్నారు. తెల్లవారి విశాఖ బండి ఎక్కాలనగా, ఆ మధ్యాహ్నం ఆమె కీబోర్డులో సగం మీటలు నొక్కితే దిగాయి గానీ లేవలేదు.

మా ఆయన కంప్యూటరు ఆపి మళ్లీ వేశాడు. వెనక వైరు పీకి గుచ్చాడు. లాభం లేక బోర్లించి తడితే చారెడు ఎర్రదుమ్ము రాలింది. దుమ్మే కదా అని, వాళ్లు టీ తాగేలోగా నేను చెంచా కాడతో మూడు వరసల మీటలూ ఊడబెరికి, సబ్బునీళ్లలో తోమి, చేటలో ఆరబోశాను. మీటలూడిన అడుగు పలకను పొడి కుంచెతో దులిపాను. మెచ్చుకుంటారనుకున్నాను.

చేట చూసి మా ఆయన నెత్తి పట్టుకున్నాడు. "ఓలమ్మో! ఏదెక్కడిదో రాసుకున్నావేటే?"

"నాకు ఇంగిలీసు అచ్చరాలొస్తే మీ ఇంట్లో గిన్నెలెందుకు తోముతాను?" అన్నాను. కంప్యూటరులో ఒక్కొక్కటీ నొక్కి చూద్దామంటే వానకి కరెంటు పోయింది. "లైన్ టూట్ గయీ భాభీ, బిజిలీ సుబహ్ ఆయేగీ" అన్నాడు పక్కింటాయన, తీగ తెగింది, తెల్లవారితే గానీ కరెంటు రాదని.

"నాను సూడకుండా కొడతాను వొదినా, ఏదెక్కడుందో నాకేటి తెలుసు?" అని ఆడపడుచు ఏడ్చింది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, ఆ బోడి పలకను ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "అన్నయ్యా, మీ బావ బండి ఆగే ఊళ్లు వరసగా సెప్పు."

"కిరందుల్" అన్నాడాయన. ఆ పేరు కొడుతున్నట్టు ఆమె వేలు ఒకచోట దిగింది, నోరు ఆ చోటి ఇంగ్లీషు అక్షరం పలికింది. ఆయన చేటలో వెతికి ఇస్తే నేను అక్కడే నొక్కాను. బచేలి, దంతెవాడ, గీదం, జగదల్‌పూర్... బండి కొండ దిగుతున్నట్టు ఊరి తర్వాత ఊరు, ఆ పలక నిండుతూ వచ్చింది. తనకు తెలియదని ఏడ్చిన మనిషికి తన వేళ్లే దారి చూపిస్తున్నాయి. అమ్మవారి పూనకం చూసినప్పుడు కూడా నా ఒళ్లు అంతగా జలదరించలేదు. విశాఖ చేరేసరికి చేటలో కాసిని మిగిలాయి. "ఏ బండీ ఆగని అచ్చరాలివి" అని ఆమె ఆ ఏడాదిలో మొదటిసారి నవ్వి, వాటినీ తడిమి పెట్టేసింది.

బండికి గంట ముందు కరెంటొచ్చింది. ఆమె కొట్టిన వరస తెర మీద ఒక్క తప్పు లేకుండా పడింది. పరీక్షా నెగ్గింది.

ఇప్పుడు ఆమెకు చూపు ఆనదు, మా పేర్లు కూడా మరిచిపోతుంది. కిరందుల్ అని చెవిలో అంటే మాత్రం కుర్చీ చేతి మీద ఆ వేళ్లు కదులుతాయి. కాలం అన్నీ ఒక్కొక్కటిగా ఊడదీసి పట్టుకుపోయింది, ఆ వేళ్ల జోలికి ఇంకా రాలేదు. మీ ఇంటి ఆడపిల్లలు నేర్చిన పని ఆపదలో వాళ్ల చేయి విడవకూడదు, మీ గడప ఎప్పుడూ చల్లగా ఉండాలి.