తవ్వతో కొలిచిన గొంతు

ఆ సందులో కంప్యూటరు డిస్కులు బాగుచేసే మనిషిని అందరూ నిదానం అనేవారు. అతను నీళ్ళు కాయడానికి కూర్చుంటే పొయ్యికి నిద్ర ముంచుకొచ్చేదనీ, కొట్టు తాళం తీసేలోగా తాళంచెవికి తుప్పు పట్టిందనీ చెప్పుకునేవారు. రెండోది నిజమేనని అతని భార్య ఒట్టేసేది.

ఆ నిదానం జన్మానికి ఒక్కసారే తొందరపడ్డాడు. అదీ ఫోన్లో, భోజనం మధ్యలో.

"బావా, ఆ డిస్కు పెట్టె వెలుగుతోంది, ఆరుతోంది. ఏం చెయ్యను?" అన్నాడు చెల్లెలి మొగుడు. అతను బస్సు డ్రైవరు.

"పెట్టె పాడైనట్టుంది. విప్పి, లోపలి డిస్కు తీసి నేరుగా కంప్యూటరుకు తగిలించు."

ఎవరడిగినా అదే మందు చెప్పేవాడు. నూటికి తొంభైసార్లు పనిచేసేది. ఏ డిస్కు అని మాత్రం అడగలేదు.

మర్నాడు మబ్బు కమ్మిన మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాం డిస్కు పట్టుకుని కొట్టుకొచ్చారు. చెల్లెలి మెడకు గుడ్డ చుట్టి ఉంది. కిందటి నెలే ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అంతకు ముందు ఆసుపత్రివాళ్ళు చెప్పారని, రోజూ కూర్చుని వాక్యాలు చదివి రికార్డు చేసింది. ఆ గొంతుతోనే మాట్లాడే యంత్రం తయారుచేస్తారట. ఆ రికార్డులన్నీ ఈ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. డిస్కుల వైద్యుడి చెల్లెలింట రెండో కాపీ లేదు. దీపం కింద చీకటంటే అదే.

ఆమె చేతిలో చెంచా ఉంది. బల్లమీద ఒక దెబ్బ కొడితే అవును, రెండు కొడితే కాదు.

"పెట్టె ఏది?" అన్నాడు నిదానం.

"మరలు రాలేదు బావా. సుత్తితో పగలగొట్టాను. చెత్తబండిలో వెళ్ళిపోయింది."

"బస్సు కూడా ఇలాగే ఆపుతాడా అమ్మా?"

చెంచా ఒక దెబ్బ వేసింది. ముగ్గురూ నవ్వారు. అదే ఆఖరి నవ్వు.

డిస్కు తగిలించగానే, 'దీన్ని చదవలేను, ఫార్మాట్ చెయ్యనా?' అని కంప్యూటరు అడిగింది. అంటే తుడిచిపెట్టనా అని. నిదానం వద్దని నొక్కాడు. అప్పుడు డిస్కు లోపల ఏదో కదిలింది. టక్. కాసేపాగి, టక్ టక్. చెల్లెలు తన చెంచా వైపు చూసుకుంది.

అసలు డిస్కుమీద చెయ్యి వెయ్యకూడదన్నది నిదానం నియమం. దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఇంకో డిస్కులోకి ఒంపాడు. సాయంత్రందాకా సాగింది ఆ ఒంపకం. తీరా చూస్తే ఆ నకలూ తెరుచుకోలేదు. సరుకు ఫలానా చోట మొదలవుతుందని డిస్కు మొదట్లో ఉండే పట్టీ చెబుతోంది. అక్కడికి వెళ్తే ఏమీ లేదు.

అప్పుడు అతనికి సంగతి తట్టింది. డిస్కులు సమాచారాన్ని సెక్టార్లుగా కొలుస్తాయి. కొన్ని పెట్టెలు ఎనిమిది చిన్న సెక్టార్లను కలిపి ఒకే పెద్ద సెక్టారుగా చూపిస్తాయి. ధాన్యం లెక్కన చెబితే, ఆ పెట్టె కుంచంతో కొలిచి పోసింది. పెట్టె పోయాక కంప్యూటరు తవ్వతో కొలుస్తోంది. కుంచానికి ఎనిమిది తవ్వలు. నూరో కుంచం దగ్గరున్న గింజ నూరో తవ్వ దగ్గర దొరుకుతుందా?

పెట్టె తియ్యమన్నది ఎవరు? తనే.

సెక్టారుకు ఐదువందల పన్నెండు బైట్లు కాదు, నాలుగువేల తొంభై ఆరు చొప్పున లెక్కపెట్టమని కంప్యూటరుకు చెప్పాడు. తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. లోపల ఏది ఎక్కడుందో చెప్పే తలకట్టు ఉండాల్సిన చోట అన్నీ సున్నాలే. ఎవరో పనిగట్టుకుని తుడిచినట్టు.

"ఇంట్లో కూడా ఫార్మాట్ చెయ్యనా అని అడిగిందా?"

"ఆఁ, అడిగింది."

"చెయ్యమన్నావా?"

"నేనా? ఛ, ఛ!"

ఆ మాట నిజం కాదని చెంచా రెండు దెబ్బలు వేసింది.

డ్రైవరు తల వేలాడేశాడు. "నొక్కాను బావా. చెయ్యమంటే బాగవుతుందనుకున్నా. మధ్యలో మీ చెల్లెలే తీగ పీకేసింది."

నిదానం మళ్ళీ నకలు వైపు తిరిగాడు. తలకట్టుకు నకలొకటి డిస్కు చివర దాగి ఉంటుంది. దాన్ని వెతికి తెచ్చి, ఒంపుకున్న డిస్కులో ముందు అతికించాడు. చదవడానికి తప్ప రాయడానికి వీల్లేకుండా తెరిచాడు. ఈసారి తెరుచుకుంది.

ఫార్మాట్ ముందునుంచి తుడుచుకుంటూ వచ్చింది కాబట్టి, మొదట్లో చేసిన రికార్డులన్నీ ఖాళీ. గొంతు గొంతులా ఉన్నప్పటివి అవే. చివరి వారాలవి మాత్రం మిగిలాయి. అప్పటికే జబ్బు గొంతును సగం తినేసింది.

ఒకటి వినిపించాడు. రాళ్ళమీద ఇనప పెట్టె ఈడుస్తున్నట్టు వచ్చింది గొంతు. "తలుపు తీసే ఉంది. ఇంట్లో ఎవరున్నారు?" అది ఆసుపత్రివాళ్ళు చదవమన్న వాక్యమే. అయినా డ్రైవరు గుమ్మం వైపు చూశాడు.

"ఈ గొంతుతోనే చెయ్యమందామా అమ్మా?" అన్నాడు నిదానం, బల్లవైపు చూస్తూ.

చెంచా లేచి గాలిలో ఆగింది. పక్కనున్న పాత డిస్కు టక్ టక్ మంది.

చెల్లెలు దానివైపు ఒకసారి చూసి, చెంచా బల్లమీద వేసింది. ఒకే దెబ్బ.

ఆ తర్వాత డిస్కు మళ్ళీ చప్పుడు చెయ్యలేదు. అయిపోగానే మళ్ళీ మొదలవుతున్న ఆ వాక్యాన్ని ఆపడం మాత్రం ముగ్గురూ మరిచిపోయారు. ఇంట్లో ఎవరున్నారని అది అడుగుతూనే ఉంది.