నూనె బెజ్జం అంచు

బాపు చేసి ఇచ్చిన ఇంజను పిన్నులకు చివరి నునుపు పెట్టింది నేనేనని ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా. అందరూ అది బాపు పనితనమే అనుకున్నారు. అలా అనుకోవడమే నాకు కావలసింది.

కల్వకుర్తిలో మా ఇంటి ముందు గదే బాపు లేతు దుకాణం. బావుల మీది ఆయిలింజన్లకు పిన్నులు, ఆ పిన్నులు తిరిగే గొట్టాల్లాంటి బుష్షులు చేసేవాడు. ఎవరైనా వస్తే నేను తలుపు వెనక్కి తప్పుకునేదాన్ని. మిగతా వేళల్లో గడప లోపల పుస్తకం పట్టుకుని కూర్చుని లేతు చప్పుడు వినేదాన్ని. ఉక్కును కోసే టూలు పదునుగా ఉంటే ఆ చప్పుడు కొత్త గుడ్డ చింపినట్టు సాగుతుంది. మొద్దుబారితే కీచుమంటుంది. మొద్దు టూలు ఉక్కును కోయదు, పక్కకు తోస్తుంది. తోసిన ఉక్కు అంచు మీద సన్నటి ముల్లులా లేచి నిలబడుతుంది. కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచిన పిన్ను మీద లేచిన ముల్లు మరీ మొండిది. ఆకురాయి దాని మీద జారిపోతుంది. అందుకే బాపు నూనె బెజ్జం వేయడం, అంచులు వాలుగా చెక్కడం గట్టిపరచకముందే ముగించేవాడు. గట్టిపరిచాక, ముల్లు లేవకుండా పదును టూలుతో వెంట్రుకంత మందం మాత్రమే కోసేవాడు.

కళ్ళకు పొర కమ్మాక టూలుకు సాన పట్టడం ఆయనకు కుదరకుండా పోయింది. తడిమి చూద్దామన్నా, ఆ పనితోనే వేళ్ళు కాయలు కాచి ఉన్నాయి. ముల్లు గుచ్చుకున్నా తెలిసేది కాదు.

ఒక ఎండాకాలం, బావి కింది పల్లిచేలు పూత మీద ఉన్నప్పుడు, ఒక పటేలు వచ్చి అరిగిన బుష్షును బాపు ముందు పెట్టాడు. లోపలంతా గీతలు.

"ఏంది మేస్త్రీ, పిన్ను చేసినవా, రంపం చేసినవా? ఇంజను బందైంది. చేనెండుతాంది."

"మల్ల చేసిస్త పటేలా. జర ఆగు."

"ఆగుతగని, గీసారి గూడ గిట్లనే అయితె నీ దుకాణం మెట్లెక్క. పట్నం పోత. నా ఎనుక ఇంకెందరు పోతరో నువ్వే సూసుకో."

బాపు ఆ బుష్షును తీసుకుని లేతు పక్కన పెట్టుకున్నాడు. లేతు ఆగిపోతే ఆయనకు మరో పని చేతకాదు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

కొత్త పిన్నును నూనెగుడ్డలో చుట్టి గడప మీద పెట్టి ఆయన అన్నానికి వెళ్ళాడు. నేను దాన్ని తీసుకుని, కళ్ళు బాగున్న రోజుల్లో ఆయన చేసినట్టే, బెజ్జం చుట్టూ దూది పింజ తిప్పాను. ముల్లుకు పోగు చిక్కుకుంది. నూనె రాసిన సానరాయి ముక్కను ఏటవాలుగా ఆనించి, ఒత్తకుండా ఒకే వైపుకు లాగాను. ఒత్తితే పిన్ను అరిగి వదులైపోతుంది. దూది ఎక్కడా ఆగకుండా జారేదాకా చేసి, మళ్ళీ అదే గుడ్డలో చుట్టి పెట్టాను.

బాపు వచ్చి గుడ్డ విప్పాడు. బొటనవేలితో తడిమాడు. పక్కనే ఉన్న సానరాయి మీది తడి నూనెను కూడా తడిమాడు. తర్వాతి పిన్నును కూడా తెచ్చి గడప మీదే పెట్టాడు. ఆ తర్వాత ప్రతిదీ అంతే. దాని గురించి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

వానలు వెనకబడిన పోయిన ఏడు బాపు మంచం పట్టాడు. చేతిలో ఉన్న పిన్నును జ్వరంతోనే ముగించి పడుకున్నాడు. దాన్ని నేను సానరాయితో నునుపు చేసేసరికి, దానికోసం ఆ పటేలే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మేస్త్రీ సూసిండంటెనే తీస్కపోత బిడ్డా," అన్నాడు తలుపు వైపు తిరిగి. "అప్పటి తిప్పలు చాలు."

పిన్నును తీసుకెళ్ళి బాపు చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తడమలేదు. తిరిగి నా అరచేతిలోనే పెట్టి వేళ్ళు మూశాడు. ఆ సాయంత్రం దవాఖానకు బండి కట్టేసరికి ఆయనకు మాట పడిపోయింది. ఆ మాట మళ్ళీ రాలేదు. పిన్ను మీద నా వేళ్ళు మూస్తూ అన్నదే నాతో ఆయన ఆఖరి మాట:

"నువ్వు సూసినంక నేను సూసేదేముంది బిడ్డా. పటేలుకు ఇచ్చెయ్."