ఫోటో కోసం సంచీ

బడి మానేసిన పిల్లల ఇళ్లకి వెళ్లాలంటే హెడ్మాస్టరుకి ఎక్కడలేని హుషారు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా తొడుగుతాడు, జుట్టుకి మరో పూత నల్లరంగు పడుతుంది. బూట్లు విప్పడం ఇష్టం లేక ఎవరి గడపా దాటడు. వీధిలోనే నిలబడి, "చదువు విలువ మీకేం తెలుసు!" అని ఇరుగుపొరుగంతా వినేలా అందుకుంటాడు. ఇల్లూ బడీ చేతులు కలపాలంటాడు గానీ, ఆ మహానుభావుడి చేతులు మాత్రం వెనక్కి కట్టుకునే ఉంటాయి.

మొన్న కుట్టుపని చేసుకునే ఒకామె ఇంటికి వెళ్లాడు. ఆమె కూతురు చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని బయటికొచ్చింది. కొత్త పుస్తకాల సంచీ ఒకటి ఆ పిల్ల చేతికిచ్చి, వెంట తెచ్చుకున్న బడి గుమాస్తా ఫోటో తీసేదాకా పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. పిల్ల తమ్ముణ్ణి తల్లికిచ్చేసి, సంచీ భుజాన తగిలించుకుని, అద్దంలో చూసుకోడానికి లోపలికి పరిగెత్తింది. తల్లి కళ్లు తుడుచుకుంది. "రేపట్నుంచి పంపిస్తానండీ. చంటాణ్ణి మిషను పక్కనే పడుకోబెట్టుకుంటాను" అంది. హెడ్మాస్టరు గడియారం చూసుకున్నాడు. "మంచిదమ్మా. ముందా సంచీ ఇలా ఇప్పించు. పక్క వీధిలో ఇంకో పిల్లతో ఫోటో దిగాలి" అన్నాడు.

మర్నాడు ఆ పిల్ల బడికి రాలేదు. "చూశావా, ఇంటికెళ్లి మరీ చెప్పొచ్చాను. ఈ తల్లిదండ్రులు మారరయ్యా!" అని గుమాస్తాతో అంటూ, ఫోటోలో తన జుట్టు నల్లగా పడిందో లేదో చూసుకున్నాడు.