మామిడిచెట్టుకు కట్టిన పసుపు చీర

ఓర్వకల్లు దాటాక రోడ్డు పక్కనే మా చేను. ఆ రాళ్ల నేలలో ఒక్క మామిడిచెట్టు బతికిందంటే అది నా భార్య పుణ్యమే. ఎండాకాలమంతా బిందెలతో నీళ్లు మోసి పెంచింది. నాతో కంటే దాంతోనే ఎక్కువ మాట్లాడుతుంది. ఒకరోజు పొద్దున పోయి చూస్తే, ముళ్లపంది మాను మొదట్లో బెరడును సగం చుట్టుదాకా కొరికి పారేసింది. ఆమె అక్కడే కూలబడిపోయింది.

"చుట్టూ కొరికింటే ఈపాటికి చచ్చిపోయుండేదిమ్మే," అన్నాను. ఓదార్చడం నాకు అంతే వచ్చు.

పేడ, ఎర్రమన్ను కలిపి, పుండు కుళ్లకుండా గుప్పెడు పసుపు కూడా వేసి గాయానికి మెత్తింది. పైన తన పాత పసుపు చీర బిగించి కట్టింది.

"ఆపరేషన్ చేసినావా, పెండ్లి చేసినావా?" అని ఎగతాళి చేశాను.

రెండూ కాదు, దేవతను చేసింది. నాలుగు రోజులకే ఎవరో కుంకుమ బొట్టు పెట్టారు. తర్వాత టెంకాయలు, ఊదుకడ్డీలు. బైకుల మీద పోయేవాళ్లు హారన్ కొట్టి మరీ దండం పెట్టేవారు. ఆ సందడికి ముళ్లపంది అటువైపు రావడం మానేసింది.

వానలు పడ్డాక మాను లావెక్కింది. కట్టు బిగుసుకుపోయింది. విప్పకపోతే ముళ్లపంది సగంలో వదిలేసిన పని చీర పూర్తిచేస్తుంది. ముడి మీద చెయ్యి వేశానో లేదో, పక్క చేని పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏమప్పా! అమ్మవారి చీర ఇప్పుతావా? కండ్లు పోతాయి!"

"అది మా ఇంటిదాని చీర పెద్దమ్మా!" అంటే వింటేనా! నలుగురూ పోగయ్యారు. నాకు ఒళ్లు మండి అరిచాను. అమ్మవారి ముందు అరిచినందుకు నాతోనే టెంకాయ కొట్టించారు.

నా భార్య మాత్రం నెమ్మదిగా చెప్పింది. "పెద్దమ్మా, రాత్రి అమ్మ నా కల్లోకొచ్చినాది. ఈ చీర బిగుతుగా ఉండాది, కొత్తది వదులుగా కట్టమన్నాది."

అంతే, పెద్దమ్మే స్వయంగా ముడి విప్పింది. లోపల గాయం అంచుల నుంచి కొత్త బెరడు పెరిగి దాదాపు మూసుకుపోయింది. నా భార్య దాన్ని తడుముతూ భోరున ఏడ్చేసింది. అందరూ భక్తి అనుకున్నారు.

అప్పటికప్పుడు కర్నూలు పోయి చీర తెచ్చాను. జరీ అంచు లేకపోతే పెద్దమ్మ ఒప్పుకోనంది మరి. వదులుగా కట్టేసి ఇంటికి నడుస్తూ, "శానా తెలివైనదానివే! ఆ కల ఎట్ల తట్టింది నీకు?" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. "నాకొక చీర కావాలంటే ఎవురి కల్లోకి పోవాల్నో ఆలోచిస్తాండా," అంది.