జలపాతానికి కోడితో పోయినవాళ్లం

మా నారాయణఖేడ్ వైపు నీళ్ల దగ్గరికి పోవడమంటే బోరంచ పోవడమే. నల్లపోచమ్మకు కోడిని కోసి, మంజీర ఒడ్డున మూడు రాళ్లు పెట్టి వండుకుని, తిని, చెట్టు కింద ఓ కునుకు తీసి ఇంటికి రావాలి. కోడి లేకుండా ఉత్త నీళ్లను చూడ్డానికి పోయిన మనిషి మా ఇంటా వంటా లేడు.

అందుకే, ఆదిలాబాద్ అడవిలో ఉన్న జలపాతం చూడాలని ఉందని నేను అన్నప్పుడు మా ఆయన మొదట అడిగిన మాట, "కోడి యాడ తెద్దాం?" అని.

ఆ జలపాతాన్ని కోడలి ఫోన్‌లో చూశాను. ముందు కోపమే వచ్చింది. ఎండాకాలంలో ట్యాంకరు చుట్టూ బిందెలతో కొట్లాడినదాన్ని, అన్ని నీళ్లు ఊరికే పోతుంటే చూస్తూ నిలబడేవాళ్లు ఎలాంటి మనుషులా అనుకున్నాను. తర్వాత మాత్రం ఆ వీడియోనే మళ్లీ పెట్టమని కోడలిని సతాయించాను. పెళ్లయినప్పటి నుంచి నా అంతట నేను పోదామని అడిగిన చోటు అదే. మిగతావన్నీ ఎవరి పెళ్లికో, ఎవరి చావుకో పోయినవి.

వానలు తగ్గుముఖం పట్టాక కొడుకు కారు తీశాడు. డిక్కీలో కూర వండే గంజు, కట్టెలు, నూరిన అల్లం. నా కాళ్ల దగ్గర, కాళ్లు కట్టేసిన కోడిపుంజు. నిర్మల్ దాటేదాకా అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను.

అడవి గేటు దగ్గర ఫారెస్టు గార్డు కారులోకి తొంగి చూసి, నవ్వాలో తిట్టాలో తెలియక ఆగిపోయాడు.

"కోడిని లోపలికి పోనియ్యం. పొయ్యి గిట్ల పెట్టొద్దు. గిది అభయారణ్యం."

"కోడినే గద తెచ్చినం సారూ, పులిని తేలేదు గద," అన్నాడు మా ఆయన.

"పులైతే పోనిచ్చేటోన్ని," అన్నాడు గార్డు.

గంజునూ కట్టెలనూ డిక్కీలో వదిలేయొచ్చు. చిక్కంతా కోడితోనే. కారు అద్దాలు మూస్తే ఉక్కకు చస్తుంది. తెరిస్తే గేటు చుట్టూ కాపు కాసిన కోతులు కారును ఖాళీ చేస్తాయి. అడవిలోని జంతువులన్నిటికీ సర్కారు కాపలా పెట్టింది గానీ, మా కోడికి మాత్రం మేమే మనిషిని పెట్టుకోవాలి. అందరూ నా వైపు చూశారు.

"అమ్మా, నీకు మోకాళ్ల నొప్పులు గద. మెట్లు శానా ఉన్నయంట. నువ్వు ఈడ నీడకు కూసో, మేం జల్దీ పోయొస్తం. నీకు వీడియో తీసుకొస్తం," అన్నాడు కొడుకు, ఎంతో ప్రేమగా.

బిందెలు మోసేటప్పుడు ఎవరికీ గుర్తురాని నా మోకాళ్లు ఆ గేటు దగ్గర అందరికీ ఒక్కసారే గుర్తొచ్చాయి. కోడలు పాపం తల దించుకుంది. మా ఆయన అప్పటికే తువ్వాల భుజాన వేసుకుని మెట్ల దారి పట్టాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అందుకు ఇంకా ఒళ్లు మండింది. నేను చూస్తానన్న దాని వాకిట్లోనే నన్ను కోడికి కాపలా కూర్చోబెడతారా? కోడిని ఎత్తుకుని పోయి ఆయన చేతుల్లో పెట్టాను.

"ఇగో, పట్టుకో."

"ఏందే గిది? నేను చూడొద్దా?"

"నువ్వు కోడి కోసం వచ్చినవ్. నేను నీళ్ల కోసం వచ్చిన."

గార్డు మొహం అటు తిప్పుకున్నాడు. నేను మెట్లు దిగడం మొదలుపెట్టాను.

మోకాళ్లు నొప్పి పెట్టలేదని చెప్పను. కొడుకూ కోడలూ సగం దారిలోనే ఫోటోలకు ఆగిపోయారు. నేను కిందిదాకా పోయి ఒక బండ మీద కూర్చున్నాను. చుట్టూ జనం ఉన్నారు, కేకలు వేస్తున్నట్టే ఉన్నారు, కానీ నీళ్ల చప్పుడులో ఎవరి మాటా వినపడలేదు. ఇంట్లో నీళ్లంటే నాకు పని. తోడాలి, మోయాలి, కాచాలి, ఒలికితే తుడవాలి. అన్ని నీళ్లు ఎదురుగా ఉండి నాకు ఏ పనీ చెప్పకపోవడం అదే మొదటిసారి. గట్టిగా ఏడ్చాను. చాలా సంతోషంగా ఉండింది.

పైకి వచ్చేసరికి కోడి మా ఆయన చంకలోనే ఉంది, తువ్వాల మాత్రం కోతుల పాలైంది. "ఏముందే గక్కడ, గింతసేపు?" అన్నాడు. "నీళ్లు," అన్నాను.

ఇప్పుడు కల్హేర్ అంగట్లో దోస్తులకు ఆ జలపాతాన్ని తానే కిందికి దిగి చూసినట్టు చెప్తున్నాడట. ఎత్తు చెప్తాడు, నురగ చెప్తాడు, అంతా కొడుకు తీసి, సినిమా పాట కలిపిన వీడియో పుణ్యం. ఎవరో చప్పుడు ఎట్లుంటదని అడిగితే మాత్రం చిక్కుకుపోయాడు. ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని, "జర చెప్పే, చప్పుడెట్లుంటది?" అని బతిమాలాడు.

నేను చెప్పలేదు. ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ చప్పుడొక్కటే.