గురువారం గడి

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పొడవైన అబద్ధం కూడా కాదు. "మా సాఫ్ట్‌వేర్ బాగానే ఉందండి" అన్నాను, నాలుగే మాటలు. ఆ నాలుగు మాటలూ ఒక మనిషి మెడకు చుట్టుకుంటే చూస్తూ ఊరుకున్నాను. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెప్పడం సులువనుకున్నాను. తీరా కూర్చున్నాక చూస్తే పొద్దున్నుంచి ఇది మూడోసారి మొదలుపెట్టడం.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. గుంటూరులో నలుగురం పనిచేసే చిన్న ఆఫీసు మాది. ఊరి బయట ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీకి బుకింగ్ యాప్ చేసిపెట్టే పని వచ్చింది. మిర్చి దిగే రోజుల్లో అక్కడ లారీలు, ట్రాక్టర్లు రోడ్డు మీద బారులు తీరేవి. ఏ రైతు ఏ రోజు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తీసుకురావాలో ముందే రాసిపెట్టుకుంటే ఆ బారులు తగ్గుతాయని యజమాని ఆలోచన. అంతవరకూ ఆ పనిని కౌంటర్లో రజియా గారు ఒక పొడుగాటి పుస్తకంలో చేసేవారు. నలభై దాటిన మనిషి. పద్నాలుగేళ్ళుగా ఆ కుర్చీ ఆవిడదే. రైతు ఫోన్ చేసి హలో అంటే చాలు, గొంతు పట్టి ఊరు చెప్పేవారు.

అంతా తెలుగులోనే ఉండాలన్నాడు యజమాని. తేదీ ఎంచుకునే కాలెండర్‌ను మాలాంటి వాళ్ళం సొంతంగా తయారుచేయం. ఇంగ్లీషులో సిద్ధంగా దొరికేదాన్ని తెచ్చి పెట్టుకుంటాం. అందులో నెలల పేర్లు, వారాల పేర్లు తెలుగులోకి మార్చడమే నా పని. మా వంటగది తలుపు పక్కన వేలాడే కాలెండర్లో ఎలా ఉంటాయో అలాగే రాశాను. ఆది, సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర, శని. మన ఇళ్ళలో పెరిగిన వాళ్ళెవరైనా అలాగే రాస్తారు. కానీ నేను తెచ్చుకున్న కాలెండర్లో వారం సోమవారంతో మొదలవుతుంది. తేదీలు వాళ్ళ వరసలో ఉండిపోయాయి, పేర్లు మన వరసలో వచ్చి కూర్చున్నాయి. సోమవారం తేదీల మీద ఆది అని, శుక్రవారం తేదీల మీద గురు అని. మొత్తం ఒక్క గడి జరిగింది. నేను చూసుకోలేదు. తెర మీద తెలుగు అక్షరాలు ఎంత ముద్దుగా ఉన్నాయో చూసుకుని మురిసిపోయి, టీ తాగడానికి వెళ్ళాను.

ఎందుకు చూసుకోలేదు? నేను కాలెండర్లో వారం చూసే మనిషిని కాదు, అంకె చూస్తాను. మా ఆఫీసులో అందరమూ అంతే. రైతులు అలా కాదు. పద్దెనిమిదో తేదీ రండి అంటే, అదే వారం పడింది అని అడుగుతారు. వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ రజియా గారూ వారాల్లోనే ఆలోచించేవారు. వారం పేరు చూసుకుని దాని కింద గడి నొక్కేవారు. నొక్కాక తెర మీద కనిపించేవి మాత్రం వట్టి అంకెలు. పక్కన వారం కూడా చూపించాలని నాకు తట్టలేదు. పైగా యాప్ మొదలైన రోజున నేనే ఆవిడతో, ఇక ఆ పుస్తకం అక్కర్లేదండీ, మూసేయండి అని గొప్పగా చెప్పాను. ఆవిడ మూసేశారు.

దర్శి వైపు నుంచి కోటయ్య అనే రైతు ఫోన్ చేస్తే ఆవిడ గురువారం రమ్మన్నారు. గురు అన్న పేరు కిందే నొక్కారు. ఆయన లారీ మాట్లాడుకుని గురువారం వచ్చాడు. జాబితాలో చూస్తే ఆయన పేరు మర్నాటికి ఉంది. ఆ రోజుకు చోటు లేదన్నారు. అలాగే వచ్చిన మరో ఇద్దరు దగ్గరి ఊళ్ళ వాళ్ళు, గొణుక్కుంటూ వెనక్కి వెళ్ళారు. అంత దూరం నుంచి వచ్చిన కోటయ్య ఎక్కడికి వెళ్తాడు? గేటు బయట లారీ ఆపుకుని కూర్చున్నాడు. సాయంత్రం నాలుగింటికి ఉన్నట్టుండి వర్షం. పట్టా కప్పేలోపే పై వరసల్లో టిక్కీలు తడిసిపోయాయి. తడిసిన కాయ బూజు పడుతుంది, దాన్ని లోపల పెట్టనివ్వరు. ఏడాది పంట అది. ఇంటికి తీసుకుపోయి మళ్ళీ ఎండబోస్తే ఎరుపు పోయి చాలా వరకు ధర పలకని తాలు కాయలయ్యాయని తర్వాత విన్నాను.

మర్నాడు పొద్దున్నే యజమాని ఫోన్ చేశాడు. తప్పు యాప్‌దో మనిషిదో తేల్చి చెప్పమన్నాడు. చూస్తానని పెట్టేశాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు తప్పు కనబడటానికి. అప్పుడు నేను దేనికి భయపడ్డాను? ఉద్యోగం పోతుందనా? మా బాసు మంచివాడు, నాలుగు తిట్టి వదిలేసేవాడు. భయం కాదు, సిగ్గు. ఏడు వారాల పేర్లు సరిగ్గా పెట్టడం చేతకాలేదంటారని సిగ్గు. ఆ సిగ్గు పడలేక, ముందు పేర్లను సరైన వరసలోకి మార్చి, అప్పటికే నమోదైన మిగతా బుకింగులన్నిటినీ ఒక్కో రోజు వెనక్కి జరిపి, ఎవరొచ్చి చూసినా ఏమీ దొరకదని నమ్మకం కుదిరాక అప్పుడు ఫోన్ చేశాను. మా సాఫ్ట్‌వేర్ బాగానే ఉందండి. కొత్త కదా, ఆవిడ పక్క గడి నొక్కి ఉంటారు.

ఆ రెండో మాట నన్నెవరూ అడగలేదు. నేనే కలిపాను.

ఆవిడకు మళ్ళీ నేర్పి రమ్మని రెండు రోజుల తర్వాత నన్నే పంపారు. వెళ్ళేసరికి కళ్ళ డాక్టరు దగ్గర ఆవిడ పేరు రాయించుకున్న చీటీ టేబుల్ మీద ఉంది. ఇంకా చూపించుకోలేదు, వెళ్ళాలి అన్నారు. పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. కాలెండర్ తెరిచి చూపించాను. ఆవిడ తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశారు.

"నేను గురు కిందే నొక్కాను బాబూ. చూసి మరీ నొక్కాను. ఆ రోజు గురువారం ఇంకోచోట ఏమన్నా ఉందా?"

"లేదండీ. ఇక్కడే ఉంది."

"అయితే నా కళ్ళే నన్ను మోసం చేశాయన్న మాట."

నేను అవునని అనలేదు. కాదనీ అనలేదు. మౌస్ ఎలా పట్టుకోవాలో చూపించడం మొదలుపెట్టాను. ఆవిడకు, నేను. ఆవిడ బుద్ధిగా నేర్చుకున్నారు.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఆ తర్వాతిది. నేను లేచి వస్తుంటే ఆవిడ పాత పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. ఇది నాకిక పనిలేదు, మీకేమన్నా పనికొస్తుందేమో చూడండి అన్నారు. బస్సులో కూర్చుని తెరిచాను. ప్రతి బుకింగుకూ మొదట వారం, తర్వాత తేదీ, తర్వాత ఊరు. నెలను ఎక్కడా అంకెతో రాయలేదు, పేరుతోనే రాశారు. అంచుల్లో చిన్న చిన్న గుర్తులు. అమావాస్య నాడు బండి కదపని ఊళ్ళేవో, శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్ళే ముఠా కూలీలెవరో, ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళేదెవరో. దర్శి, కనిగిరి వైపు వాళ్ళకు ముందే చెప్పాలి, దూరం, అని ఒకచోట. ఫోన్ పెట్టేముందు వారం వాళ్ళ నోటితో మళ్ళీ చెప్పించుకోవాలి అని ఇంకోచోట. ఈ నేల మీద జనం రోజుల్ని ఎలా గుర్తుపెట్టుకుంటారో ఆవిడ పద్నాలుగేళ్ళు విని రాసుకున్న పుస్తకం అది. నేను మూసేయమన్నది దాన్ని.

నా బతుకు ఆ పుస్తకంతోనే మలుపు తిరిగింది. ఆ తర్వాత నేను చేసిన ప్రతి యాప్‌లో తేదీ పక్కన వారం ఉంటుంది. నెల పేరు అక్షరాల్లో ఉంటుంది. గడి నొక్కగానే, గురువారం అన్నారు, సరేనా అని అడుగుతుంది. ఈ ఒడుపు చూసే ఒక పెద్ద కంపెనీ నన్ను తీసుకుంది. ఇప్పుడు మన భాషల్లో కాలెండర్లు, తేదీలు సరిచూసే బృందానికి నేనే పెద్ద. జనం ఎలా ఆలోచిస్తారో ఇతనికి బాగా తెలుసు అంటారు నన్ను. నాకేం తెలుసు? తెలిసిందంతా ఆవిడ పెట్టిన భిక్ష. తిన్న ప్రతి ముద్దకూ ఆవిడకు రుణపడి ఉన్నాను. అబద్ధమాడి ఆవిడ పేరు చెడగొట్టిన వాడికి ఆవిడ తన దగ్గరున్న మంచిదంతా ఇచ్చారు. అలాంటి మనిషి తారసపడటం నా అదృష్టం, నా మొహం చూడటం ఆవిడ దురదృష్టం.

ఆవిణ్ణి కౌంటర్ నుంచి తీసేసి గేటు దగ్గర టిక్కీలు లెక్కపెట్టే పనికి మార్చారని తర్వాత తెలిసింది. మరుసటి సీజన్‌కి ఆవిడే మానేశారట. నేను వెళ్ళలేదు. వెళ్ళాలని అనుకోలేదా అంటే, అనుకోవడం అనేది ఏళ్ళ తరబడి చేశాను.

మొన్న వేసవిలో మా కంపెనీలో ఒకమ్మాయి అడిగింది, వారం పక్కన పెట్టాలన్న ఆలోచన మీకెలా వచ్చిందండీ, రాసి పెట్టుకుంటాను అని. నాకే తట్టింది అని నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు. ఆ వారమే కోల్డ్ స్టోరేజీలో పాత వాళ్ళను పట్టుకుని ఆరా తీశాను. వేటపాలెంలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారని చెప్పారు.

నేను వెళ్ళేసరికి అక్కడి జీడిపప్పు యూనిట్లో పప్పు గ్రేడింగ్ చేస్తున్నారు. తెలుపు, సైజు చూసి వేరుచేసే పని. నన్ను గొంతు పట్టి గుర్తుపట్టారు. భోజనాల వేళ బయట మెట్ల మీద కూర్చున్నాం. మొత్తం చెప్పేశాను, గడి జరగడం, పేర్లు మార్చడం, బుకింగులు వెనక్కి జరపడం, పక్క గడి అన్న మాట. అంతా విని ఆవిడ మెల్లగా చెప్పారు. ఆ వారమే గుంటూరులో కళ్ళు చూపించుకున్నారట. చూపు శుభ్రంగా ఉందన్నారట డాక్టరు. చూపు బాగుంటే ఇక పోయింది తలే అనుకున్నారట. ఇప్పటికీ ఇవాళ ఏ వారమో ఇంట్లో రెండుసార్లు అడిగి గానీ నమ్మనన్నారు. తొమ్మిదేళ్ళు. నేను ఎప్పుడూ అంతదాకా ఆలోచించనే లేదు.

క్షమించమన్నాను. ఆవిడ నా వైపు తిరిగారు. యజమానికి చెప్పారా, కోటయ్య గారికి చెప్పారా అని అడిగారు. లేదన్నాను. ముందు వాళ్ళకు చెప్పండి, నా ఒక్కదానికే చెప్తే ఏం లాభం, నా మీద పడ్డ మాట ఇంకా అక్కడే ఉంది కదా అన్నారు. జరిగిందంతా ఎక్కడైనా రాస్తానన్నాను. రాస్తే నా పేరు మార్చకండి అన్నారు. బెల్లు కొట్టారు. చీర కొంగు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయారు.

యజమానికి ఫోన్ చేశాను. ఏ రజియా అన్నాడు. గుర్తుచేస్తే, ఓహో ఆవిడా, పాత సంగతి, వదిలేయవయ్యా అన్నాడు. వదిలేయమనడానికి ఆయనెవరు? ఒక మనిషికి తన తల మీద తనకే నమ్మకం పోయిన సంగతి ఆ కౌంటర్లో ఎవరికీ గుర్తుకూడా లేదు. కోటయ్య గారి నంబరుకు చేస్తే ఇంకెవరో ఎత్తారు. దర్శి వైపు వెళ్ళి ఊళ్ళో అడగాలి. ఇంకా వెళ్ళలేదు. వెళ్తాను.

ఆవిడ కోరినట్టే పేరు మార్చలేదు. నా పేరు మాత్రం రాయలేకపోయాను. అంత ధైర్యం నాకింకా రాలేదు, అది కూడా తెలుసుకోండి. అయినా ఈ కింది మాట రాస్తుంటే ఛాతీ కాస్త తేలికపడుతోంది, ఆ తేలిక కూడా ఆవిడ పెట్టిందే.

ఆ రోజు రజియా గారు గురువారం కిందే నొక్కారు. ఆవిడ చూపు బాగుంది, తల బాగుంది. గడి జరిపింది నేను.