రూతమ్మ పలక ముక్కలు

1938 జూన్ 13, సోమవారం, ఉదయం తొమ్మిదిన్నర. మార్కాపురంలో మిషన్ వారి ఎలిమెంటరీ స్కూలు, ఇన్ఫెంట్ క్లాసు. అప్పుడు మాది మద్రాసు రాజధానిలో కర్నూలు జిల్లా. ట్రైనింగ్ పూర్తి చేసి ఆ బడిలో చేరి నాకు ఏడాది అయింది. బడిగంట కొట్టగానే, ఆ రోజే చేరిన ఎనిమిదేళ్ళ పిల్ల రెండు చెవులూ మూసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. పేరు రూతమ్మ. తల్లి సుందరమ్మ ఇంకా వాకిట్లోనే నిలబడి ఉంది. బడి పలకలు తయారుచేసే కొట్టంలో కూలి ఆమెది.

“మాటలున్నాయి టీచరమ్మా. మనమన్న మాటే మనకు తిరిగి అంటది. అన్నం తింటావా అంటే అన్నం తింటావా అంటది. నన్ను మాత్రం ఒక్కనాడు కూడా అమ్మా అని పిలవలే,” అన్నది సుందరమ్మ. “చదువు రాకుంటే రాకపోనీ. ఆ ఒక్క పిలుపు వస్తే చాలు నాకు.”

ఇప్పుడు దాన్ని ఆటిజం అంటున్నారు. అప్పుడు మాకు ఆ మాట తెలియదు. ట్రైనింగులో అల్లరి పిల్లల గురించి చెప్పారు, మందబుద్ధి పిల్లల గురించి చెప్పారు. రూతమ్మ ఆ రెండు రకాలూ కాదు. బలపాలన్నీ పొడవును బట్టి వరుసగా పేర్చేది. ఎవరి ముఖమూ చూసేది కాదు.

అసలు చిక్కు పలక దగ్గర వచ్చింది. పిల్లకొక పలక. ‘అ’ రాస్తే చూసి, తడిగుడ్డతో తుడిచి, ‘ఆ’ రాయించడం పద్ధతి. రూతమ్మ రాసిన ‘అ’ తుడవగానే నేలకు నుదురు ఆనించి మధ్యాహ్నం దాకా అరిచింది. మరునాడూ అంతే. మాది ఎయిడెడ్ స్కూలు, అంటే సర్కారు ఇచ్చే గ్రాంటుతో నడిచేది. ఇన్‌స్పెక్టరు బాగా లేదని రాస్తే ఆ గ్రాంటుకే మోసం.

“ఏందమ్మా ఈ గోల?” అన్నారు హెడ్మాస్టరు. “ఇన్‌స్పెక్షను నాడు ఇట్లనే అరిస్తే మన గతేంది? ఇంటికి పంపించు.”

దసరా సెలవుల దాకా గడువు అడిగాను.

మా ఊళ్ళో పలకకు కరువు లేదు. సుందరమ్మ పనిచేసే కొట్టం వెనక పనికిరాని ముక్కలు కుప్పలుగా పడి ఉండేవి. ఒడినిండా తెమ్మన్నాను. ఒక్కో అక్షరానికి ఒక్కో ముక్క ఇచ్చాను. రాసింది తుడిచే పని లేదు. రూతమ్మ రాసి, గోడవార వరుసలో పెట్టేది. నేను ఊడుస్తూ ఒకదాన్ని అంగుళం జరిపితే వచ్చి సరిచేసేది.

తర్వాత బడి రోజులో జరిగేవన్నీ తొమ్మిది ముక్కల మీద బొమ్మలుగా గీశాను: ప్రార్థన, అక్షరాలు, డ్రిల్లు, అన్నం, ఇల్లు, ఇలా. ఒక పని అయిపోగానే ఆ ముక్కను బోర్లించేది. గంట బొమ్మ ముందుగా చూపిస్తే చెవులు మూసుకుని సిద్ధంగా ఉండేది. దసరా రాకముందే అరుపులు ఆగిపోయాయి.

“బడా ఇది, పలకల దుకాణమా?” అన్నారు హెడ్మాస్టరు గోడవార వరుస చూసి. వారం తిరక్కుండా నున్నటి ముక్కలు రెండు ఆయనే తెచ్చి నా బల్ల మీద పెట్టిపోయారు.

సుందరమ్మ నవ్వేది. “మా మేస్త్రీ ఏమంటాండో తెల్సా టీచరమ్మా? నీ కూతురు పరీక్ష పాసయ్యేలోగా మన కొట్టం ఖాళీ అయితాదే అంటాండు.”

జనవరిలో ఒక ముక్క మీద సుందరమ్మ ముఖం గీశాను, ముక్కుపుడకతో సహా. కింద ‘అమ్మ’ అని రూతమ్మే రాసింది. మకారపు తోక ఎప్పుడూ పైకి లాగేది. సాయంత్రం తల్లి వాకిట్లోకి రాగానే ఆ ముక్క తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టేది. సుందరమ్మ చూసుకుని తిరిగి ఇచ్చేది. వరుసలో చోటు ఖాళీగా ఉంటే పిల్ల ఇంటికి కదలదు కదా.

1939 ఫిబ్రవరి 16, గురువారం, అన్నాల వేళ. రూతమ్మ ఆ ముక్క చేత్తో పట్టుకుని వాకిలివైపు చూసింది. “అమ్మ” అన్నది. ఆ పూట అంతవరకు ఆ మాట అక్కడ ఎవరూ అనలేదు. తనంతట తానే అన్నది.

సాయంత్రం సుందరమ్మకు చెప్పాను.

“ఎట్లన్నది?”

“మెల్లగా. వాకిలి దిక్కు చూసి.”

“గొంతెట్లుంది?”

“నీ గొంతే అక్కా.”

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. “మంగళవారం మాకు సరుకెత్తేది లేదు. పొద్దున నేనే తోడొస్తా. పొద్దుగూకేదాకా ఈడనే కూర్చుంటా,” అన్నది.

ఆ రాత్రే నాకు చలిజ్వరం వచ్చింది. నేను లేని రోజుల్లో రూతమ్మను ఇంట్లోనే ఉంచుకోవాలని ముందే అనుకున్నాం. ఆ వచ్చే బుధవారమే ఇన్‌స్పెక్షను. ఇన్‌స్పెక్షనుకు ముందు పలకలన్నీ బొగ్గు, దొండాకు వేసి నల్లగా నిగనిగలాడేట్టు రుద్దడం మా బళ్ళలో ఆనవాయితీ. సోమవారం మధ్యాహ్నం నాలుగో తరగతి ఆడపిల్లలు ఆ పని చేశారు. రూతమ్మ పలకలు మాత్రం మాసి ఉంటే ఆమెకు చిన్నతనమని, నలభై ఏడు ముక్కలూ రుద్ది, కడిగి, ఎండబెట్టి, మళ్ళీ గోడవార చక్కగా పేర్చారు. ప్రేమతో చేసిన పని. ఒక్కరినీ కోప్పడలేకపోయాను.

జ్వరం తగ్గి మంగళవారం నేను బడిలో అడుగుపెట్టేసరికే తల్లీ కూతురూ వచ్చారు. సుందరమ్మ ఉతికిన చీర కట్టుకుని గడప దగ్గర నిలబడింది. రూతమ్మ గోడ దగ్గరికి పోయి ముక్కలను ఒక్కొక్కటే తిప్పి చూసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. చివరి ముక్క కింద పెట్టి, తల్లి పక్కనుంచే దారిలోకి నడిచింది.

రెండు సాయంత్రాలు కూర్చుని అన్నీ మళ్ళీ రాశాను. సుందరమ్మ ఒడిలో పోసుకుని తీసుకెళ్ళి, తిరిగి తెచ్చింది. “చూసి పక్కన పెడతాంది టీచరమ్మా. అవి కావంట.” మకారపు తోక నేనూ పైకే లాగాను. అయినా అది నా చెయ్యి.

రూతమ్మ మళ్ళీ బడి గడప తొక్కలేదు. ఏప్రిల్‌లో కొట్టంలో పని తగ్గి వాళ్ళు కురిచేడు వైపు, సుందరమ్మ వాళ్ళన్న ఉండే ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు ఆమె నా దగ్గరికి వచ్చింది.

“ఇంగొకసారి చెప్పు టీచరమ్మా. ఎట్లన్నది?”

చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ ఆమె వాకిలివైపే చూసింది.

ఆ తర్వాత గిద్దలూరులోనూ రాచర్లలోనూ కలిపి మరో ముప్పై రెండేళ్ళు పనిచేశాను. అడగకుండా ఏ పిల్ల పలకా తుడవలేదు, ఎవరినీ తుడవనివ్వలేదు. ప్రతి బడిలోనూ అలాంటి పిల్లలు ఒకరో ఇద్దరో ఉండేవారు. వాళ్ళకు ఏది చెరపకూడదో ముందు అది తెలుసుకుని, తర్వాతే అక్షరం మొదలుపెట్టేదాన్ని. మొన్న మా మనవరాలి బడిలో ఇలాంటి పిల్లల కోసం రోజు పనులన్నీ అట్టముక్కల మీద బొమ్మలు వేసి వరుసగా తగిలించారు. వాటి ముందు చాలాసేపు నిలబడ్డాను. చివరి బొమ్మ ఇల్లు.

కురిచేడు మీదుగా రైల్లో వెళ్ళినప్పుడల్లా కిటికీ పక్కనే కూర్చున్నాను. రూతమ్మ కనిపించలేదు.

పోయినవి ఇవి. రోజు చెప్పే ముక్కలు తొమ్మిది. ఆమె చేతిరాత ముక్కలు ముప్పై ఎనిమిది. బడి నుంచి పిల్ల ఒకతె. తల్లి వినవలసిన పిలుపు ఒకటి.